చెప్పింది చాలు, ఇక మా మాట వినండి

పోయిన నెలలో ఒక మండల కేంద్రంలో వాతావరణ మార్పుల మీద రైతు అవగాహన సదస్సు జరిగింది. మన సంఘం తరఫున పదిమందిమి వెళ్లాం. పదిన్నరకు రమ్మన్నారు, పన్నెండుకు మొదలుపెట్టారు. గోడకు పెద్ద ఫ్లెక్సీ, బల్లల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. తెర మీద బొమ్మలు వేసి భూమి వేడెక్కుతోందని, మంచుకొండలు కరుగుతున్నాయని, ధ్రువపు ఎలుగుబంటికి నిలబడే చోటు లేకుండా పోతోందని చెప్పారు. తర్వాత అందరినీ లేపి, చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించారు. కరెంటు ఆదా చేస్తాం, నీళ్లు ఆదా చేస్తాం, చెట్లు నాటుతాం అన్నాం. ఫొటో తీసుకున్నారు.

ఫొటో అయ్యాక కంది వేసే ఒక పెద్దాయన లేచాడు. "అయ్యా, ఎలుగుబంటి సంగతి సరే. జూన్‌లో పడ్డ వానకు నేను విత్తనం పెట్టాను. ఆ తర్వాత ఇరవై రోజులు చుక్క పడలేదు. అప్పు తెచ్చి మళ్లీ విత్తనం కొన్నాను. వాన ఆగిపోతుందని ముందే తెలిసే వీలుందా? ఉంటే మా ఊరికి ఎవరు చెప్తారు?" అని అడిగాడు. వేదిక మీది వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫోన్‌లో యాప్ ఉంది, వేసుకోండి అన్నారు. పెద్దాయన జేబులోంచి మీటల ఫోను తీసి చూపించాడు. హాల్లో అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ సదస్సును ఎగతాళి చేయడానికి ఈ మాట రాయడం లేదు. వచ్చిన అధికారులు మంచివాళ్లే. పైనుంచి వచ్చిన కాగితం ప్రకారం చేయాల్సింది చేశారు. మా బాధల్లా ఆ కాగితం గురించే. వాతావరణ మార్పు గురించి ప్రజలకు చెప్పడం అంటే ఏమిటో మన ప్రభుత్వాలు సగమే అర్థం చేసుకున్నాయి. మిగతా సగం కోసం మనం కొట్లాడాలి.

సగం అని ఎందుకు అంటున్నామో చూడండి. 1992లో ప్రపంచ దేశాలన్నీ కలిసి వాతావరణ మార్పుల మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. 1993లో మన దేశం దాన్ని ఆమోదించింది. అందులో ఆరో అధికరణం ప్రజల గురించే. 2015 పారిస్ ఒప్పందంలో పన్నెండో అధికరణం కూడా అదే చెప్తుంది. ప్రజలకు చదువు చెప్పాలి, శిక్షణ ఇవ్వాలి, అవగాహన పెంచాలి అని ఉంది. అంతటితో ఆగలేదు. ప్రజలకు సమాచారం అందుబాటులో ఉండాలి, నిర్ణయాల్లో ప్రజలు పాల్గొనాలి అని కూడా ఉంది. మొదటి మూడూ పైనుంచి కిందికి వచ్చేవి. చివరి రెండూ కింది నుంచి పైకి వెళ్లేవి. ఫ్లెక్సీ మీద కనిపించేది మొదటి మూడే.

ఇంట్లోనూ ఇదే కథ. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని, సినిమా హాళ్లలో ఉచితంగా స్లైడులు వేయాలని, రేడియోలో, టీవీలో కార్యక్రమాలు ఇవ్వాలని ఆదేశించింది. మంచి తీర్పు. ఈరోజు మన పిల్లలు ఓజోన్ పొర గురించి గడగడా చెప్తారు. అదే పిల్లవాణ్ణి మన ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాల ఆయకట్టు ఉందో, కిందటేడు మన ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో అడగండి. వాడికీ తెలియదు, వాడి పంతులుకీ తెలియదు. నిజం చెప్పాలంటే మనకూ తెలియదు.

2021లో గ్లాస్గో సదస్సులో మన ప్రధాని 'లైఫ్' అనే మాట చెప్పారు. పర్యావరణానికి అనుగుణమైన జీవన విధానం అని దాని అర్థం. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి సమక్షంలో మిషన్ లైఫ్ మొదలుపెట్టారు. అందులో మనుషులు చేయాల్సిన 75 పనుల జాబితా ఉంది. లిఫ్టు బదులు మెట్లెక్కండి, ఏసీని 24 డిగ్రీల మీద పెట్టుకోండి, ఎర్రలైటు దగ్గర బండి ఇంజను ఆపండి అని ఉంది. మన ఊళ్లలో లిఫ్టులూ లేవు, ఎర్రలైట్లూ లేవు. అవి పట్నం వాళ్లకు. ఆ జాబితాలో రైతులకు చెప్పినవీ ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

వాడకం అయ్యాక మోటారు కట్టేయండి అన్నారు. న్యాయమైన మాటే. కానీ రైతు ఆటోస్టార్టరు ఎందుకు పెట్టుకున్నాడు? కరెంటు ఏ రాత్రి ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో, చీకట్లో పాములు తిరిగే గట్ల మీద నడిచి మోటారు వేయలేక పెట్టుకున్నాడు. అలా పోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పగటిపూట, చెప్పిన వేళకు, కోత లేకుండా కరెంటు వచ్చే చోట మోటారు కట్టేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరు ఎండితే ఏడ్చేది మనమే.

వరి, గోధుమ తగ్గించి పప్పులు, నూనెగింజలకు మళ్లండి, చిరుధాన్యాలు వేయండి అన్నారు. ఇదీ మంచి మాటే. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాం. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు చూస్తే సాధారణ రకం వరికి క్వింటాలు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, రాగికి 4,886, కందికి 8,000. కాగితం మీద రాగి, కంది ఎంతో ముందున్నాయి. అయినా నీళ్లున్న రైతు వరే ఎందుకు వేస్తున్నాడు? వరికి కొనుగోలు కేంద్రం ఊరి దగ్గరికి వస్తుంది. లోపాలు ఎన్నున్నా వస్తుంది. రాగికి, కొర్రకు అలా ఊరూరా కేంద్రాలు లేవు. ధర ఉండి కొనేవాడు లేకపోతే అది ధర కాదు, గోడ మీది రాత. రైతు ఏ పంట వేస్తాడో నిర్ణయించేది ప్రతిజ్ఞ కాదు, కాంటా.

బిందు సేద్యం, పొలంలో కుంటలు, వరిని నేరుగా విత్తడం, మడిని తడి ఆరబెడుతూ పండించడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తడి ఆరబెడితే నీళ్లూ మిగులుతాయి, మడిలోంచి వచ్చే మీథేన్ వాయువూ తగ్గుతుంది. కానీ కాలువ చివరి ఆయకట్టు రైతును అడగండి. వంతు నీళ్లు మళ్లీ ఎప్పుడు వస్తాయో తెలియనివాడు వచ్చినప్పుడే మడి నిండా పెట్టుకుంటాడు. కాలువకు తేదీ ఉంటేనే మడికి ఆరుతడి. ఆ తేదీ ఇవ్వాల్సింది రైతు కాదు.

ఇక అందరికంటే ముఖ్యమైన సంగతి వాన కబురు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు అంచనా ఇస్తుంది. అది ఊరు ఊరుకూ చెప్పేది కాదు, పెద్ద ప్రాంతాలకు చెప్పేది. అయినా బెట్ట వస్తుందా లేదా అన్న సూచన దొరుకుతుంది. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల మేర ప్రాంతానికి ఒక లెక్క చొప్పున అంచనా ఇచ్చే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. 2024 అక్టోబరులో గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలు మొదలయ్యాయి. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు రుతుపవనాల రాక గురించి ఎస్సెమ్మెస్‌లు పంపింది. ఎస్సెమ్మెస్‌కు యాప్ అక్కర్లేదు, మీటల ఫోనుకూ వస్తుంది. అంటే శాస్త్రం ఉంది, దారి కూడా ఉంది. చివరి మైలు దాటించే మనిషే లేడు.

ఆ మనిషిని పెట్టినట్టే పెట్టి తీసేశారు కూడా. కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు అని దేశమంతా 199 ఉండేవి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, వాన అంచనాను మన పంటకు తగిన సలహాగా మార్చి స్థానిక భాషలో పంపేవారు. రేపు మందు కొట్టొద్దు, ఎల్లుండి కోత పెట్టుకోండి, ఈ వారం ఎరువు వేయొద్దు అని చెప్పేవారు. 2024లో వాటిని మూసేశారు. ఒకపక్క కొత్త యాప్‌లు, కొత్త కంప్యూటర్లు. ఇంకోపక్క ఆ లెక్కను మన మాటలోకి దించే మనిషిని ఇంటికి పంపడం. అవగాహన పెంచడం అంటే ఇదేనా?

కబురు ఒక్కటే అందినా చాలదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వస్తోందని రోజుల ముందే చెప్పారు. మన రైతులకు తెలుసు. కోసిన వరి పొలంలో ఉంది, కొయ్యని వరి కంకి మీద ఉంది. అందరికీ ఒకేసారి కోత మిషను కావాలి, ఒకేసారి టార్పాలిన్లు కావాలి, ఒకేసారి లారీ కావాలి. తడిసిన ధాన్యం తెస్తే తేమ 17 శాతం దాటిందన్నారు. హెచ్చరిక అందింది, దాన్ని అందుకునే చెయ్యి లేకపోయింది. చేతిలో టార్పాలిన్ లేనివాడికి తుపాను కబురు ముందే చెప్తే, వాడు నాలుగు రోజులు ముందు నుంచి ఏడుస్తాడు, అంతే.

మరి ప్రభుత్వం చేసినవి ఏవీ పనికిరాలేదా? అలా అంటే అబద్ధం అవుతుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా సంస్థ 2011 నుంచి వాతావరణాన్ని తట్టుకునే సేద్యంపై దేశవ్యాప్త పథకాన్ని నడిపిస్తోంది. ఎంచుకున్న ఊళ్లలో రైతులతో కమిటీలు వేసి, యంత్రాల అద్దె కేంద్రాలు పెట్టి, బెట్టను తట్టుకునే రకాలను రైతు పొలంలోనే వేసి చూపించారు. వాన ఆలస్యమైతే ఏం వేయాలి, మధ్యలో ఆగితే ఏం చేయాలి అని ప్రతి జిల్లాకూ ప్రత్యామ్నాయ ప్రణాళికలు రాశారు. మంచి పని. కానీ మీ జిల్లా ప్రణాళిక మీలో ఎంతమంది చూశారు? ఇంగ్లీషులో రాసి కంప్యూటర్లో పెట్టిన ప్రణాళిక విత్తనం పెట్టేవాడికి ఎలా అందుతుంది?

మన నేల మీదే నడిచిన ఇంకో పని గుర్తు చేసుకోవాలి. ఇరవై ఏళ్ల కింద ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే, ఆడవాళ్లతో సహా, వాన కొలిచారు. బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరి మధ్య గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, పడిన వాన ఇంత, భూమిలోకి దిగిన నీరు ఇంత, మనం వేద్దామనుకున్న పంటలకు కావాల్సింది ఇంత అని లెక్క కట్టారు. లెక్క మించితే ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని నిషేధించలేదు. లెక్క చూశాక ఎవరికి వారే తగ్గించుకున్నారు. పెద్ద చదువులు లేని రైతు నీటి లెక్క కట్టగలడని ప్రపంచమంతా వచ్చి చూసిపోయింది. ఆ రైతులకు ఎవరూ ప్రతిజ్ఞ చేయించలేదు. కొలబద్ద ఇచ్చారు, లెక్క నేర్పారు, నిర్ణయం వాళ్లకే వదిలారు. పాల్గొనడం అంటే అదీ. పథకం గడువు అయిపోయాక ఆ పద్ధతిని ప్రతి ఊరికీ తీసుకుపోయే బాధ్యత ప్రభుత్వాలు తీసుకోలేదు.

సదస్సుల్లో ఎవరు కూర్చుంటున్నారో కూడా చూడాలి. పిలుపు పట్టాదారు పేరు మీద వెళ్తుంది. పొలం చేసేది కౌలు రైతు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలు కార్డుకు భూ యజమాని ఒప్పుకోవాలి. చాలామంది ఒప్పుకోరు. తెలంగాణలో 2011 నాటి కౌలు రైతుల చట్టం కాగితం మీదే ఉంది. వాతావరణం మారితే మొదట మునిగేది కౌలు రైతు, నష్టం రాసేటప్పుడు జాబితాలో లేనిదీ కౌలు రైతే. నాట్లు వేసేది, కలుపు తీసేది, ఎండలో వడదెబ్బ తినేది ఆడవాళ్లు. సదస్సులో వెనక వరుసలో కూడా వాళ్లు కనిపించరు. ఉపాధి కూలీకి ఏ వేళ తర్వాత ఎండలో పని చేయొద్దో చెప్పడం కూడా వాతావరణ అవగాహనే.

ఇంతవరకు ప్రభుత్వాన్ని అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. మన సంఘం ఈ విషయాన్ని ఇన్నాళ్లూ పట్నం వాళ్ల కబుర్లుగా చూసింది. మన పత్రికలో మద్దతు ధర మీద రాసినంత, రుణమాఫీ మీద రాసినంత వాతావరణం మీద రాయలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం. వరిగడ్డి, పత్తి కట్టె కాలుస్తున్నది మనమే. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలకు దొరుకుతుందని పక్కవాడు రెండు వేస్తే మనం మూడు వేస్తున్నాం. చెరువు శిఖం దున్నుకున్నదీ మనలోవాళ్లే. బొగ్గు కాల్చి లోకాన్ని వేడెక్కించింది మనం కాదు, నిజమే. పెద్ద బాధ్యత పెద్ద దేశాలది, పెద్ద కంపెనీలది. ఆ మాట గట్టిగా అంటూనే, మన గట్టు లోపల మనం చేయగలిగింది చేయాలి. లేకపోతే మన మాటకు బరువుండదు.

2024 మార్చిలో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పుల చెడు ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని చెప్పింది. హక్కు అన్నాక అడగాలి. అందుకని మన డిమాండ్లు ఇవి.

ఒకటి, జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను శాశ్వత సిబ్బందితో మళ్లీ నిలబెట్టాలి. వారానికి రెండుసార్లు తెలుగులో సలహా ఎస్సెమ్మెస్‌గా, ఊరి మైకులో ప్రకటనగా రావాలి.

రెండు, ప్రతి గ్రామ పంచాయతీలో వర్షమాపకం పెట్టాలి. దాని అంకె ప్రతిరోజూ పంచాయతీ బోర్డు మీద రాయాలి. పంట నష్టం, బీమా లెక్కలకు ఆ అంకెనే ఆధారం చేయాలి. మండలం మొత్తానికి ఒకచోట కొలిచి, మా ఊళ్లో వాన పడిందని చెప్పే పద్ధతి పోవాలి.

మూడు, ఏ పంటకు మళ్లమని చెప్తారో ఆ పంటకు ఊరి దగ్గర కొనుగోలు కేంద్రం చూపించి ఆ తర్వాతే చెప్పాలి.

నాలుగు, జిల్లా ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికను తెలుగులో అచ్చువేసి, విత్తనంతో సహా సీజనుకు ముందే ప్రతి రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో ఉంచాలి. ఆంధ్రలో 'పొలం పిలుస్తోంది'లో, తెలంగాణలో మంగళవారం 'రైతు నేస్తం'లో సగం సమయం రైతుల ప్రశ్నలకు ఇవ్వాలి. అడిగిన ప్రశ్నకు వచ్చే వారానికల్లా జవాబు రావాలి.

ఐదు, తుపాను హెచ్చరిక వెంటే టార్పాలిన్లు, కోత మిషన్లు, తేమ సడలింపు ఉత్తర్వు రావాలి. కౌలు రైతు పేరు శిక్షణ జాబితాలోనూ, నష్టం జాబితాలోనూ ఉండాలి.

ఆరు, రాష్ట్ర వాతావరణ కార్యాచరణ ప్రణాళికను గ్రామసభల ముందు పెట్టి మార్చాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిశాక చాలాకాలం సర్పంచులే లేకుండా నడిపారు. ఊళ్లో అడిగే మనిషి లేకుండా చేసి ప్రజల భాగస్వామ్యం అంటే ఎవరు నమ్ముతారు?

ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ప్రతి ఊరి శాఖా ఈ నెలలోనే మూడు పనులు చేయాలి. వర్షమాపకం ఒకటి సంపాదించి, బడి ఆవరణలో పెట్టి, పిల్లలతో, పంతులుతో కలిసి పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి పుస్తకంలో రాయాలి. ఊళ్లో పది బోర్లు ఎంచుకుని నెలకు రెండుసార్లు నీటి మట్టం చూసి గోడ మీద రాయాలి. అక్టోబరు 2 గ్రామసభలో, పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వాన, నీరు, పంట అనే అంశాన్ని తీర్మానంగా పెట్టించాలి. తీర్మానం నకలు మన కార్యాలయానికి పంపండి. అవన్నీ కుట్టి కలెక్టరు బల్ల మీద పెడదాం.

వచ్చేసారి సదస్సు జరిగితే మళ్లీ వెళ్దాం. ప్రతిజ్ఞ చేయమంటే చేద్దాం, అందులో తప్పేమీ లేదు. కానీ మన వాన పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్దాం. కంది రైతు అడిగిన ప్రశ్న మళ్లీ అడుగుదాం. జవాబు వచ్చేదాకా కుర్చీల్లోంచి లేవొద్దు.